మైనమును నూనెగా మార్చు నిమిత్తములు

నూనె యను మాట నువ్వు, నెయ్యి అను రెండు శబ్దముల కలయికచే నేర్పడినది. సంస్కృతమునఁ దిలశబ్దమునుండి తైలశబ్దము పుట్టుట సర్వజనవిదితము. లాటినుభాషయందలి ఓలియ మను పదము మొదట ఓలివుపండ్ల నూనెకే చెల్లెను. ఇట్లు మూఁడు భాషలయందును ఒక్క గింజయొక్కయో, ఒక్క పండుయొక్కయో రసమునకుఁ గలిగిన పేరు క్రమముగా వ్యాపించి, జిడ్డుగల ద్రవముల కన్నింటికిని సామాన్యనామమైనది. పెట్రా యనఁగా శిల. ఓలియ మనఁగా నూనె. కావునఁ బెట్రోలియమును శిలాతైల మనుట యుక్తము. ఈ శిలాతైలమునుండి వచ్చు మైన మెట్టిది? దానిని మరల నూనెగా మార్చుట యెట్లు? ఆ మార్పునకు నిమిత్తములగు పదార్థము లెవ్వి? అను నంశములను వివరించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట మైన మను శబ్దమును విచారింతము. తేనెపట్టునుండి వచ్చు పదార్థమునకు సంస్కృతమున మధూచ్ఛిష్టము, సిక్థకము, మదనము అను పేర్లు గలవు. వీనిలో మదనశబ్దము ప్రాకృతమున మయణ మై, తెనుఁగున మైన మైనది. శిల్పులు లోహవిగ్రహములను బోఁతపోయుటకు మైనపుబొమ్మను ముందుగాఁ జేయు పద్ధతికి మధూచ్ఛిష్టవిధాన మనియే పేరు. అయితే తేనెపట్టు మైనమును, శిలాతైలపు మైనమును చూపునకును స్పర్శకును ఒక్కటిగాఁ దోఁచినను, నిర్మాణమున భిన్నములు. తేనెమైనమునఁ గర్బనముతోను ఉదజనితోను బాటు ప్రాణవాయువుకూడఁ గలదు. శుద్ధమైన శిలాతైలపు మైనమున కర్బనమును ఉదజనియుఁ దక్క వేఱొండు లేదు. పేరొక్కటియైనంత మాత్రమున వస్తు వొక్కటి కాదని శాబ్దికుల కెఱింగింపఁ బనిలేదు.

ఈ మైనమునకుఁ బాశ్చాత్యులు పారఫీ ననిరి. 1830 సంవత్సరమున జర్మనుదేశీయుఁడగు కార్ల్ ఫాన్ రైషెన్‌బాక్ అను రసాయనవేత్త కఱ్ఱతారునుండి యొక తెల్లని మైనమును వేఱుచేసెను. ఆమ్లములుగాని క్షారములుగాని దాని నంతగాఁ గదలింపలేకపోయెను. అందుచే నాతఁడు లాటిను మాటలగు పారుమ్, అఫీనిస్ అనువానినుండి యాపేరు కూర్చెను. అల్పమైన సంబంధము గలది యని దాని యర్థము. దేనితోను జేరక, దేనిచేతను మాఱక, తన పాటికిఁ దా నుండునది యని తాత్పర్యము. ఆ పేరే యీ వ్యాసమునందలి చిక్కును జెప్పక చెప్పుచున్నది. సంబంధమునే కోరని యీ పదార్థమునకు మార్పు గలిగించు టెట్లు?

అసలు మార్పవలసిన యవసర మేమి యని యడుగవచ్చును. శిలాతైలము గనినుండి వెలువడునపుడు దానిలో మైనము కరఁగి యుండును. మనదేశమున అస్సాము రాష్ట్రపుఁ దైలమును, బొంబాయి హై అను సముద్రగర్భక్షేత్రపుఁ దైలమును మైనము మెండుగాఁ గలవి. అట్టి తైలము చల్లఁబడినచోఁ గొట్టములలోనే పేరుకొనును. అందువలన అస్సామునఁ దైలమును ముందుగాఁ గాఁచి, నియమముతోఁ జల్లార్చి, తరువాత దూరపుఁ గొట్టములలోనికిఁ బంపు పద్ధతి యేర్పడినది. అస్సామునందలి డిగ్బోయి శుద్ధికర్మాగారము 1901 లో నారంభమై, యచ్చటి మైనమునకుఁ బ్రసిద్ధి వడసినది. కొవ్వొత్తులకును, అగ్గిపుల్లలకును, కాగితములపైఁ బూఁతకును మైనము పనికివచ్చును.

అయితే యంత్రములకు వేయు కందెననూనెయందు మైన ముండఁగూడదు. బండియిరుసునకుఁ గందెన వేయువాఁ డది యిరుసుపై నిలువవలె ననియు, గట్టిపడి పట్టివేయఁగూడ దనియుఁ గోరును. యంత్రమును నడపువాని కోరికయు నిదియే. చలిదేశములలో సున్నకుఁ గ్రింది డిగ్రీలయందుఁ గూడ నూనె పాఱవలెను. కావునఁ గందెననూనెను ద్రావకములతోఁ గలిపి, మిక్కిలి చల్లార్చి, పేరుకొన్న మైనమును వడగట్టి తీసివేయుట పూర్వపద్ధతి. ఇట్లు తీసిన ముడిమైనమునందుఁ గొంత నూనెయు నంటియుండును. దానిని మఱల శుద్ధిచేసి యమ్ముకొనవచ్చును. లేదా పెద్ద యణువులను విఱుచు యంత్రములలోఁ బోసి పెట్రోలు మున్నగువానిగా మార్చుకొనవచ్చును. ఈ రెండవ మార్గమున నొక నష్టము గలదు. అది తెలియవలెనన్నచో మైనమునకును నూనెకును గల భేద మేమో తెలిసికొనవలెను.

ఆ భేదము ద్రవ్యమునందుఁ గాదు, కూర్పునందుఁ గలదు. ఒక యుదాహరణము చూడుఁడు. ట్రయాకాంటేను అను పదార్థముయొక్క యణువునందు 30 కర్బనపరమాణువులును, 62 ఉదజనిపరమాణువులును గలవు. కర్బనములు ముప్పదియు నొక్క త్రాటిపై పూసలవలె వరుసగా నుండును. అది తెల్లని మైనము. సుమారు 66 డిగ్రీల సెంటిగ్రేడునఁ గరఁగును. స్క్వాలేను అను మఱియొక పదార్థమునందును సరిగా 30 కర్బనములును, 62 ఉదజనులునే గలవు. సొఱచేఁపకాలేయపు నూనెయందలి పదార్థమునకు ఉదజనిని జేర్చి దీనిని జేయుదురు. దీని నడుమత్రాటియందుఁ గర్బనములు 24 మాత్రమే. తక్కిన యాఱును ఒక్కొక్కటిగా ప్రక్కకుఁ జిగుళ్లవలెఁ దొడిగియున్నవి. ఇది నిర్మలమైన నూనె. సున్నకు 38 డిగ్రీలు దిగువకుఁ జేరినఁగాని గడ్డకట్టదు. పరమాణువు లవియే, సంఖ్య యదియే. కూర్పు మాఱుటచే గడ్డకట్టు స్థానము నూఱుడిగ్రీలకు మించి దిగిపోయినది.

కారణము స్పష్టము. కొబ్బరి యీనెలను గట్టగాఁ గట్టినచో నొకదాని నొకటి యానుకొని గట్టిగాఁ గూడుకొనును. రేఁగుకంపలను గట్టఁబోయినచో నెంత యదిమినను నడుమ సందులు మిగులును. తిన్ననైన యణువులు ఈనెలవంటివి. చల్లఁబడఁగానే వరుసదీరి స్ఫటికమగును. శాఖలుగల యణువులు కంపలవంటివి; వరుసకు రావు, ద్రవముగనే నిలుచును.

దీనివలన మైనమును జెడ్డపదార్థ మని భావింపరాదు. నూనె చలికిఁ జిక్కనగుటయు, వేఁడికిఁ బలుచనగుటయు సహజము. ఈ మార్పు తక్కువగా నున్న నూనెయే యంత్రమునకు మేలు. దీనిని గొలుచుటకు 1929 లో డీన్, డేవిస్ అనువా రొక సూచికను గల్పించిరి. అమెరికాయందలి పెన్సిల్వేనియా నూనెకు 100 అనియు, గల్ఫుతీరపు నూనెకు సున్న యనియు నిర్ణయించి, తక్కినవానిని వానితోఁ బోల్చిరి. నేఁడు శ్రేష్ఠములని లెక్కింపఁబడు ఖనిజపుఁ గందెననూనెలకు ఈ సూచిక 120 కి దిగువ నుండరాదు. ఇందు విశేష మేమనఁగా, తిన్ననైన పొడవాటి యణువులకే యీ సూచిక యత్యధికము. అనఁగా మైనముయొక్క యణువు గుణమునఁ గందెనలకెల్ల మేలుబంతియే. పేరుకొనుట యొక్కటియే దాని దోషము. ఆ యణువును ముక్కలుచేసినచోఁ బెట్రోలును వాయువును దక్కునేకాని, యా గుణము దక్కదు. ముందు చెప్పిన నష్ట మిదియే. ముక్కలు చేయక, పొడవు నెక్కువగాఁ దగ్గింపక, నడుమ నొకటి రెండు చిన్నశాఖలు మాత్రము దొడిగించినచోఁ బేరుకొనుట పోవును, గుణము నిలుచును. శాఖలు మితిమీఱినచో సూచికయుఁ బడిపోవును. ఇదియే సాధింపవలసిన పని.

వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్నచోఁ గావలసినది లోపము గాదు, ఆగమము గాదు, వర్ణవ్యత్యయము. హింస్ ధాతువునుండి సింహశబ్దము వచ్చిన దని చెప్పు సంప్రదాయము గలదు. అందు హకారసకారములు స్థానములు మార్చుకొన్నవేకాని, యేదియుఁ బోలేదు, క్రొత్తది రాలేదు. మైనము నూనె యగుటయు నిట్టిదియే.

ఇట్టి మార్పు దానంతటఁ గాదు. దానికి నిమిత్తము కావలెను. రసాయనశాస్త్రమున నట్టి నిమిత్తమునకుఁ గాటలిస్టు అని పేరు. 1835 లో స్వీడనుదేశపు బెర్జీలియస్ అను పండితుఁడు గ్రీకుభాషనుండి యీ జాతి పదమును నిర్మించెను. విప్పుట యను నర్థముగల ధాతువు దానికి మూలము. మనవారు దీని నుత్ప్రేరక మనుచున్నారు. ఆ మాట వాడుకఁబడినది గనుక దానిని విడువఁబనిలేదు. కాని ప్రేరణ మనఁగనే వెనుకనుండి త్రోయుట స్ఫురించును. ఉత్ప్రేరకము త్రోయునది కాదు. స్వభావముచేఁ గాఁదగిన మార్పే సులభమగునట్లు వేఱొక త్రోవను జూపునది. కాఁదగని దానిని గాఁజేయలేదు. పని ముగిసిన పిదపఁ దాను యథాపూర్వముగ మిగులును.

దీనికి సరియైన పోలిక సంధికార్యమునందుఁ గలదు. ప్రతి, ఏకము అను రెండును గలిసినపుడు ప్రత్యేక మగుచున్నది. ఇకారమునకు యకార మాదేశమైనది. దానికిఁ బరమందున్న ఏకారము నిమిత్తము. ఏకారము తాను మాఱలేదు. అది లేనిచో మార్పును లేదు. మఱియు నిమిత్తము కార్యికి దగ్గఱ నుండవలెను. నడుమ వేఱొకటి యడ్డుపడినచోఁ గార్యము జరుగదు. ఉత్ప్రేరకముయొక్క యుపరిభాగము నణువు తాఁకినఁగాని మార్పు లేదనుట యిట్టిదియే.

మైనమును మార్చు నిమిత్త మొక్కటి కాదు, రెండు. ఒకటి ప్లాటినము వంటి లోహము. రెండవది యామ్లగుణముగల ఘనపదార్థము. ఒకే గుళికయందు ఈ రెండును గూడియుండును. లోహము నూటి కొక పాలైన నుండదు, సూక్ష్మకణములుగాఁ జల్లఁబడియుండును. ఈ ద్వివిధనిమిత్తముల వ్యాపారమును 1953 లో మిల్స్, హైనమన్, మిల్లికెన్, ఆబ్లాడ్ అను నమెరికాశాస్త్రజ్ఞులు వివరించిరి. మైనమునకుఁ బని జరుగు వేఁడి సుమారు 300 డిగ్రీలకుఁ బైన. చుట్టును ఒత్తిడితో ఉదజనివాయు వుండును.

ప్రక్రియాక్రమ మిది. మొదట అణువు లోహమును దాఁకును. లోహము దానినుండి రెండు ఉదజనిపరమాణువులను దొలఁగించును. ఇది లోపము. దానిచేఁ బ్రక్కప్రక్కనున్న రెండు కర్బనముల నడుమ జంటబంధ మేర్పడి, యల్పసంబంధముగల యణువు సంబంధయోగ్య మగును. అది యామ్లస్థానమునకుఁ బోవును. ఆమ్లము దానికి ధనావేశముగల యొక ఉదజనికణమును జేర్చును. ఇది యాగమము. అపుడు కర్బనముల వరుస సడలి, యొక కర్బనము త్రాటినుండి ప్రక్కకుఁ దొలఁగి శాఖ యగును. ఇది వ్యత్యయము. పిమ్మట ఆమ్లము తానిచ్చిన కణమును దాను మరలఁ బుచ్చుకొనును. శాఖగల యణువు మఱల లోహమునొద్దకుఁ బోయి, తొలఁగిన రెండు ఉదజనులను దిరిగి పొందును. చివర లెక్క చూచినచో నేదియు నెక్కువ గాదు, తక్కువ గాదు. ఆమ్ల మిచ్చిన కణము వ్యాకరణమునందలి యనుబంధమువంటిది. ప్రత్యయమునకుఁ జేర్చిన యిత్తు తనవలనఁ గావలసిన కార్యమును జేయించి తొలఁగిపోవును, సిద్ధరూపమునఁ గనఁబడదు.

ఈ ప్రక్రియయం దొక ప్రమాద మున్నది. ఆమ్లస్థానమునం దణు వెక్కువసేపు నిలిచినను, ఒక యామ్లస్థానమునుండి మఱియొకదానికిఁ దిరుగుచుఁ బోయినను, శాఖపై శాఖ దొడుగును. ఒకదానికొకటి చేరువగా రెండు మూఁడు శాఖలు వచ్చినచో నణువు సులభముగా విఱుగును. విఱిగినచో మైనము నూనె గాక వాయువగును. కావున లోహస్థానములు చేరువగా నుండి, యామ్లమునుండి వెలువడిన యణువును వెంటనే యందుకొని యుదజనిని జేర్చి శాంతింపఁజేయవలెను. ఆమ్లము మిక్కిలి తీవ్రముగా నుండరాదు. లోహమునకును ఆమ్లమునకును గల యీ సమత్వమును గుదుర్చుటయే యుత్ప్రేరకనిర్మాతల ప్రధానపరిశ్రమ.

రెండవ పరిశ్రమ రంధ్రములను గూర్చినది. 1756 లో స్వీడనువాసియగు క్రోన్‌స్టెట్ అను ఖనిజశాస్త్రజ్ఞుఁ డొక రాయిని వేఁడిచేయఁగా నది పొంగి యావిరిగ్రక్కెను. అందుచే నాతఁడు దానికి మరుగురాయి యను నర్థమున జియోలైటు అని పేరు పెట్టెను. ఈ జాతి స్ఫటికములలో సమపరిమాణముగల సూక్ష్మరంధ్రములు వరుసగా నుండును. వాని వెడల్పు కొన్ని ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రా మనఁగా సెంటిమీటరులోఁ బదికోట్లవ వంతు. తిన్ననైన యణువు దూఱఁగలదు, లావైన యణువు దూఱలేదు. తాళపుఁగన్నమునకుఁ దాళపుఁజెవి యెట్లో యిదియు నట్లు. ఈ రంధ్రముల కొలఁదిచే నణువుల నేఱి మార్పవచ్చునని మోబిల్ సంస్థలోఁ బని చేసిన పాల్ వైజ్ మున్నగువారు 1960 ప్రాంతమున నిరూపించిరి.

ఆ సంస్థలోనే యార్గవర్, లాండోల్ట్ అనువారు జెడ్.ఎస్.ఎం.-5 అను కృత్రిమ జియోలైటును నిర్మించిరి. దానికి 1972 లో హక్కుపత్రము లభించినది. దాని రంధ్రములు సుమారు అయిదున్నర ఆంగ్‌స్ట్రాముల వెడల్పుగలవి; ఒకదాని నొకటి ఖండించుకొనుచు నన్నివైపులఁ బాఱును. దీనిని గొని కందెననూనెనుండి మైనమును దొలఁగించు పద్ధతి 1981 లో నాస్ట్రేలియాయందలి యడిలైడు కర్మాగారమునఁ బ్రవేశపెట్టఁబడెను. ద్రావకములును, చల్లార్చుటయు నక్కఱలేక పోవుట గొప్ప సౌకర్యమే. కాని యీ జియోలైటు మైనపుటణువును లోనికిఁ బోనిచ్చి విఱిచెడిది. నూనెయందలి మైనము పోయెనేకాని నూనె కాలేదు. ఉత్తమగుణముగల యణువే నశించుటచే మిగిలిన నూనెయొక్క సూచికయుఁ దగ్గెడిది. ఇది లోపశాస్త్రము, కావలసినది వ్యత్యయశాస్త్రము.

దానిని సాధించిన పదార్థములలో నొకటి సాపో-11 అనునది. 1980 తరువాతి సంవత్సరములలో యూనియన్ కార్బైడ్ సంస్థవారు సిలికాను, అల్యూమినియమును, భాస్వరమును గూర్చి చేసిన స్ఫటికజాతికిఁ జెందినది యిది. దీని రంధ్రములు గుండ్రములు గావు. అడ్డముగా సుమారు ఆఱున్నర, నిలువున నాలుగు ఆంగ్‌స్ట్రాముల కొలఁదిగల యండాకారములు. ఒకదానితో నొకటి కలియక యిఱుకుసందులవలెఁ దిన్నగాఁ బోవును. దీని యామ్లగుణము మృదువు. తిన్ననైన యణువు రంధ్రముఖమునఁ దల దూర్చఁగలదు. అచ్చట నొక శాఖ దొడుగును. రెండు మూఁడు శాఖలు గుంపుగా నేర్పడుట కా సందునఁ జోటు చాలదు. చోటు లేమిచే నతిశాఖయు, నతిశాఖ లేమిచే విఱుగుటయు నాఁగిపోవును. ఇట్టి యుత్ప్రేరకమున్నకుఁ బ్లాటినమును జేర్చి షెవ్రాన్ సంస్థవారు 1993 లోఁ గాలిఫోర్నియాయందలి రిచ్‌మండు కర్మాగారమున మైనమును నూనెగా మార్చు పద్ధతిని వాడుకలోఁ బెట్టిరి. జెడ్.ఎస్.ఎం.-22, జెడ్.ఎస్.ఎం.-48 అనునవియు నిట్టి తిన్నని సందులు గలవియే. పిమ్మట నవియు నీ కార్యమున వినియుక్తము లైనవి.

నిమిత్తము తాను మాఱదను మాట కొంత సవరణతోఁ జెప్పవలసియున్నది. ముడిమైనమునందు గంధకమును నత్రజనియు నంటియున్నచో, గంధకము లోహమును బట్టుకొనును. నత్రజనిగల క్షారద్రవ్యము లామ్లస్థానములను గప్పివైచును. నడుమ వేఱొకటి యడ్డుపడినఁ గార్యము జరుగదని పైనఁ జెప్పితిమి. ఇది యా యడ్డుపాటే. కావున ముందుగా వేఱొక యుత్ప్రేరకముచే నుదజనితో నీ మలినములను దొలఁగింతురు. ఎంత జాగ్రత్తపడినను గాలక్రమమున మసి పేరుకొని గుళికలు మందగించును. అపుడు వానిని బాగుచేయవలెను, లేదా మార్పవలెను. అట్లే సంధికార్యము నియతము, పూర్ణము. రసాయనకార్యము కొంతవఱకే జరుగును, కొన్ని యణువులు విఱుగక మానవు. దృష్టాంతము గ్రహణసౌకర్యమునకేకాని, సర్వాంశములయందును సామ్యమునకుఁ గాదు.

ఈ విద్య శిలాతైలమునకే పరిమితము గాదు. 1925 లో జర్మనీయందు ఫ్రాన్ట్స్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అనువారు బొగ్గునుండి పుట్టించిన వాయువులను గూర్చి పొడవాటి కర్బనపుఁ ద్రాళ్లను నిర్మించు పద్ధతిని గనిపెట్టిరి. ఆ పద్ధతిచే సహజవాయువునుండియు మైనమును జేయవచ్చును. మలేషియాయందలి బింటులులో 1993 లోను, కటారుదేశమున 2011 లోను షెల్ సంస్థవారి కర్మాగారములు పని నారంభించినవి. అచ్చట వాయువు మొదట మైనమగును. ఆ మైనమే తరువాత ఉత్ప్రేరకములచే నూనె లగును. మన వీథులలోఁ జెత్తగాఁ బడియున్న పాలిథీను సంచులును బొడవాటి కర్బనపుఁ ద్రాళ్లే. వానిని గాలి సోఁకనీయక కాఁచినచో మైనమువంటి పదార్థము వచ్చును. దానిని నూనెగా మార్చుటకును నీ నిమిత్తములే యాధారములు. మనదేశమున వంగరాష్ట్రపు హాల్దియా కర్మాగారమున మైనమును శాఖాయుతముగఁ జేసి కందెననూనెను సిద్ధపఱచు యంత్రశాల గలదు.

ఇట్టి విషయములు తెలుఁగునఁ జెప్ప సాధ్యమా యను సందేహము క్రొత్తది కాదు. 1906 లో నేర్పడిన విజ్ఞానచంద్రికామండలి శాస్త్రగ్రంథములను బ్రకటించి యాసందేహమును గొంత తీర్చెను. మిగిలిన చిక్కు పదముల కొఱఁత కాదు, పదార్థజ్ఞానపుఁ గొఱఁత. లోపము, ఆగమము, వ్యత్యయము, నిమిత్తము, అనుబంధము అను మాటలు శబ్దశాస్త్రమున వేలయేండ్లుగ నూఱి పదునుపెట్టఁబడినవి. ద్రవ్యశాస్త్రము నెఱిఁగినవారు వానిని దగినచోట వాడుకొనవచ్చును. వ్యుత్పత్తిమాత్రముచే వస్తుస్వరూపము నిర్ణయించుట మాత్రము తగదు. ఉత్ప్రేరకశబ్దమును వినిన విద్యార్థి త్రోయునది యని తలఁచినచో నా తప్పు విద్యార్థిది గాదు. మాటను గఱపి వస్తువును గఱపని బోధనది. పేరు పెట్టువారును, పరిశోధనము చేయువారును గలిసి పనిచేసినచో నీ దోషము తొలఁగును. పరిషత్పండితు లీ విషయమున యోజించి తమ యభిప్రాయములను బ్రకటింతురుగాక.